మిస్ వరల్డ్ దారి: గౌను, ఫాస్ట్‌ట్రాక్, ఖర్చు... తెలిసినవాళ్ళు చెప్పండి

పిల్లలమర్రి_నీడ:
మా అక్క కూతురు మిస్ ఇండియా తెలంగాణ ఆడిషన్‌కి వెళ్తానంటోంది. 2025 మేలో హైదరాబాద్‌లో జరిగిన మిస్ వరల్డ్‌ని దగ్గర నుంచి గమనించినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. గౌను ఎలా కుట్టించాలి? ఫాస్ట్‌ట్రాక్ (ఒక విడి అంచె గెలిస్తే నేరుగా టాప్ 40కి చేర్చే దారి) లెక్క ఏమిటి? మొత్తం ఖర్చు ఎంతవుతుంది? ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, సరిపోతుందా?

మగ్గంవర్క్_మణి:
ఎత్తు సరిపోతుంది. ఈమధ్య ఏళ్ళలో చెప్పుల్లేకుండా 5 అడుగుల 3 అంగుళాలే అడుగుతున్నారు.

గౌను పొడవు కొలవాల్సింది స్టేజి మీద వేసుకునే హీల్స్ తొడిగాకే. ముందువైపు అంచు నేలకి అరంగుళం పైన ఆగాలి. కుట్టిన రోజే అంచు మడవొద్దు. మగ్గం వర్క్ బరువుకి, అందులోనూ క్రాస్ కటింగ్ ముక్కలైతే, బట్ట కిందికి సాగుతుంది. రెండు రోజులు హ్యాంగర్‌కి వేలాడదీసి, సాగడం అయిపోయాక మడవాలి. చాలామంది పికో కొట్టించి వదిలేస్తారు. దాంతో బట్ట కాలికి చుట్టుకుని బొటనవేలి కింద పడుతుంది. అంచు లోపల రెండంగుళాల క్రినోలిన్ పట్టీ (గట్టి వల పట్టీ) వేయిస్తే అది పాదానికి ఎడంగా నిలబడుతుంది.

ఇంకోటి. పూసల బరువంతా భుజాల మీద పడితే గంటకే వీపు వంగిపోతుంది. లోపల నడుం దగ్గర అంగుళం వెడల్పు గట్టి రిబ్బన్ కుట్టి, దానికి విడిగా రెండు హుక్కులు పెట్టాలి. ముందు అది బిగించి ఆ తర్వాత జిప్ ఎక్కించాలి. స్కర్టు బరువు నడుం మోస్తుంది, జిప్ మీద లాగుడు పడదు. జిప్‌కి అటూ ఇటూ పావంగుళం మేర కట్‌దానా, పూసలు ఏవీ ఉండకూడదు. జిప్ కంపెనీని తిట్టేవాళ్ళు ముందు ఇది చూసుకోండి, పళ్ళ మధ్య ఇరుక్కునేది పూసే.

గోల్కొండ_పోరడు:
అక్కా, గౌన్లు పక్కన వెట్టు. మిస్ ఇండియా గెలిచి మన తరఫున పోయిన నందినీ గుప్తా టాప్ మోడల్ అంచెల ఆసియా నుంచి గెలిచింది. ఫాస్ట్‌ట్రాక్ వచ్చింది. మన ఊర్ల పోటీ, మన జనం, ఆఖరికి టాప్ 20ల ఆపేసిన్రు. ఇగ ఫాస్ట్‌ట్రాక్ ఉండి ఏం ఫాయిదా?

లెక్కల_మాస్టారు:
ఎవరూ ఆపలేదండీ. ఫాస్ట్‌ట్రాక్ టాప్ 40 గుమ్మం వరకే, ఆ తర్వాత మళ్ళీ మొదటి నుంచి మార్కులే. 108 మందిని నాలుగు గుంపులు చేశారు: అమెరికా-కరీబియన్, ఆఫ్రికా, యూరప్, ఆసియా-ఓషియానియా. గుంపుకి పదిమంది చొప్పున 40, అయిదుగురు చొప్పున 20, ఇద్దరు చొప్పున 8, చివరికి ఒక్కరు చొప్పున నలుగురు. టాప్ 8లో ఆసియాకి ఉన్నవి రెండే కుర్చీలు. ఒకటి థాయ్‌లాండ్‌కి, ఇంకోటి ఫిలిప్పీన్స్‌కి పోయాయి. ఇండియా ఓడింది 107 మంది చేతుల్లో కాదు, ఆ ఇద్దరి చేతుల్లో.

గోల్కొండ_పోరడు:
గదే కదా నేను చెప్పేది మాస్టారూ. ఆసియాల మూడో నంబరు పిల్ల ఇంకో ఖండంల మొదటి నంబరు కంటే మంచిగుండొచ్చు. మరి ఆమె ఇంటికెందుకు పోవాలె? గీ కోటా తీసెయ్యాలె.

అట్లాంటా_అత్తయ్య:
కోటా తీసేస్తే ఏమవుతుందో తెలుసా బాబూ? ఎక్కువమందిని పంపే గుంపులే కుర్చీలన్నీ ఎత్తుకుపోతాయి. ఇథియోపియా అమ్మాయి హస్సెట్ డెరెజే మొదటి రన్నరప్ అయింది, మార్టినిక్ లాంటి చిన్న దీవి నుంచి వచ్చిన ఒరెలీ జోకిమ్ ఆఖరి నలుగురిలో నిలబడింది. కోటా లేకపోతే వాళ్ళని చివరిదాకా నిలబెట్టి ఎవరు వినేవారు?

గోల్కొండ_పోరడు:
అంటే గెలుపు మార్కులకా, మ్యాపుకా?

లెక్కల_మాస్టారు:
రెండిటికీ. పద్ధతి ముందే చెప్పి ఆడించారు, ఆట అయ్యాక గీతలు మార్చలేదు. మనమ్మాయి టాప్ 8లో ఉంటే ఈ కోటా మాట మీ నోట వచ్చేదా?

గోల్కొండ_పోరడు:
మాస్టారూ, మీరు మార్కులు తక్కువేసి పిల్లగాండ్లనే తిట్టే రకం లెక్కున్నరు.

నిర్వాహకుడు:
ఇద్దరూ తగ్గండి. అడిగినావిడ ప్రశ్న పైన అలాగే ఉంది.

ర్యాంప్_రాఘవ:
హీల్స్ గురించి ఒక్కరూ ఎత్తలేదు. ఆరంగుళాల హీల్, ముందు అంగుళంన్నర ప్లాట్‌ఫాం ఉన్న చెప్పులైతే పాదం వంగేది నాలుగున్నర అంగుళాలే. ప్లాట్‌ఫాం లేని అయిదంగుళాల కంటే ఇవే నయం. కొత్త చెప్పుల అడుగుభాగం నున్నగా ఉంటుంది, గరుకు కాగితంతో అడ్డంగా గీయండి. ఇంట్లో గ్రానైట్ మీద ఒక్కదాని మీదే సాధన చేస్తే స్టేజి మీద తివాచీ వచ్చేసరికి మడమ దిగబడుతుంది. రెండిటి మీదా నడవాలి, మెట్లు దిగడం విడిగా చేయాలి. మెట్టు దిగేటప్పుడు గౌనుని చేత్తో పైకెత్తకూడదు. ముందుకాలి వేళ్ళతో అంచుని కాస్త ముందుకి తోసి అడుగు వేయాలి. ఇది ఇరవై ఏళ్ళుగా ర్యాంప్ నడకే నేర్పుతున్నవాడి మాట, యూట్యూబ్ చూసి రాస్తున్నది కాదు.

మగ్గంవర్క్_మణి:
రాఘవ గారూ, ఇరవై ఏళ్ళ సంగతి సరే, క్రినోలిన్ పట్టీ ఉన్న అంచుని వేళ్ళతో తోస్తే పట్టీ మడత పడి నిలిచిపోతుంది. పట్టీ వేస్తే తోయక్కర్లేదు, మోకాలి కదలికకే అది ముందుకి పోతుంది.

ర్యాంప్_రాఘవ:
నెట్ గౌనుకి మీ మాట. బరువు పట్టు గౌనుకి నా మాట. దేనికైనా పట్టీయే మందు అంటే ఎలాగండీ.

కోఠి_కాలేజ్_93:
సుస్మితా సేన్ పుట్టింది హైదరాబాద్‌లోనే, డయానా హేడెన్ కూడా ఇక్కడే. సుస్మిత 1994లో, డయానా 1997లో కిరీటాలు గెలిచారు. మనవాళ్ళకి ఈ పోటీలు కొత్తేం కాదు.

అట్లాంటా_అత్తయ్య:
సుస్మిత గెలిచింది మిస్ యూనివర్స్ అండీ, ఆ ఏడు మిస్ వరల్డ్ ఐశ్వర్యా రాయ్. ఇప్పటికీ జనం రెండూ కలిపేస్తారు. తయారీ కూడా వేరే. మిస్ వరల్డ్‌లో స్విమ్‌సూట్ అంచె 2015 నుంచే లేదు, యూనివర్స్‌లో ఉంది. 1996లో బెంగుళూరులో మిస్ వరల్డ్ పెట్టినప్పుడు గొడవలయ్యి ఆ అంచెను సీషెల్స్‌కి తీసుకెళ్ళి జరిపారు. ఇప్పుడు ఆ తలనొప్పి లేదు కాబట్టి మీ అమ్మాయి ఆ సమయం మాట మీద పెట్టొచ్చు. మన తెలంగాణ నుంచే వెళ్ళిన మానసా వారణాసి 2021 పోటీలో టాప్ 13 దాకా వచ్చింది, ఆమె ఇంటర్వ్యూలు వినిపించండి.

కోఠి_కాలేజ్_93:
రామప్ప గుడి దగ్గర మన ఆడవాళ్ళ చేత పోటీదార్ల కాళ్ళు కడిగించిన సంగతి మాత్రం ఎవరూ మాట్లాడరేం?

నిర్వాహకుడు:
దానికి వేరే చర్చ ఉంది, అక్కడ నాలుగు పేజీలు తిట్టుకున్నారు. ఇక్కడ వద్దు.

మైక్_మాధవి:
ఫాస్ట్‌ట్రాక్ గురించి అడిగారు కదా, కోటా గొడవలో అది కొట్టుకుపోయింది. స్పోర్ట్స్, టాలెంట్ రెండిట్లోనూ మొత్తం పోటీకి ఒక్కరే విజేత. స్పోర్ట్స్ ఎస్తోనియాకి, టాలెంట్ ఇండోనేషియాకి పోయాయి. మల్టీమీడియా (సోషల్ మీడియా, వీడియోల అంచె), హెడ్ టు హెడ్ (మాట్లాడే అంచె), టాప్ మోడల్ అలా కాదు, ఖండానికొకరు. అంటే మిగతా నూట ఏడుగురితో పోటీ పడే బదులు ఒక్క గుంపుతోనే పడతారు. డాన్స్ క్లాసులకి పోసే డబ్బులో సగం వీడియో ఎడిటింగ్‌కి, మాట్లాడటానికి పెట్టండి. కిరీటం గెలిచిన థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాతా టాప్ 40కి వచ్చింది ఆసియా మల్టీమీడియా దారిలోనే.

హెడ్ టు హెడ్‌లో మునిగేది కంఠస్థం చేసినవాళ్ళే. ముప్పై సెకన్లలో ఇంగ్లిష్‌లో డెబ్బై మాటలకి మించి స్పష్టంగా పలకలేరు. అందులో మొదటి పది మాటల్లోనే జవాబు ఉండాలి. అవును, కాదు, ఇది చేస్తాను. మిగతావి దానికి ఒక ఉదాహరణ. "ఇంత మంచి ప్రశ్న అడిగినందుకు ధన్యవాదాలు" అంటే నాలుగు సెకన్లు గంగలో కలిసినట్టే. ఎంచుకున్న సేవ మీద కూడా ప్రశ్నలుంటాయి. ఓపల్‌కి రొమ్ము క్యాన్సర్ అవగాహన ప్రచారం అతికినట్టు సరిపోయింది. పదహారో ఏట ఆమెకే గడ్డ తీశారు, కాబట్టి ఏ మూల నుంచి ప్రశ్న వేసినా జవాబు ఉంటుంది. అనాథాశ్రమంలో ఒక ఆదివారం పండ్లు పంచిన ఫొటోలతో వెళ్తే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. ఎంతమందికి, ఎన్ని నెలలు, డబ్బు ఎక్కడిది, ఆగిపోతే ఎవరు చూస్తారు, ఈ నాలుగూ అడుగుతారు.

గోల్కొండ_పోరడు:
ఓపల్ మిస్ యూనివర్స్ 2024ల మూడో రన్నరప్. ఆడి ఆడి వచ్చినామెతోని కొత్త పిల్లలకు పోటీయా? గిదన్న ఒప్పుకోండ్రి.

మైక్_మాధవి:
ఒప్పుకుంటా. అందుకే మీ అమ్మాయిని ముందు రెండు మూడు చిన్న పోటీల్లో దింపమని చెప్పడం. స్టేజి లైట్లు కళ్ళలో పడితే జడ్జీలు కనిపించరు, గొంతు ఎటు పంపాలో తెలియదు. అది గదిలో నేర్చుకునేది కాదు.

చిటికీ_చారి:
మే నెలల పోటీదార్లు పోచంపల్లి వచ్చినప్పటి నుంచి ఇక్కత్ గౌన్లు అడుగుతున్నరు కాబట్టి ఒక మాట. ఇక్కత్‌ల రంగు నూలుకే పడుతది, నేసినంక కాదు. డిజైన్ పడుగుల, పేకల లెక్క ప్రకారం ఉంటది. దాన్ని గౌను కళీలుగ (నిలువు ముక్కలుగ) క్రాస్ల కోస్తే కుట్టు దగ్గర డిజైన్ ముక్కలైతది. కళీలు జతగూడాలంటే మామూలు కంటే రెండు మీటర్లు ఎక్కువ కొనాలె. పట్టు ఇక్కత్ కుట్టు దగ్గర జారుతది, అందుకే కుట్టు బయట అంగుళం బట్ట వదిలి లోపల పలుచటి కాటన్ లైనింగ్ కలిపి కుట్టాలె. ముందు జానెడు ముక్క తడిపి తెల్లగుడ్డల ఒత్తి చూడుండ్రి. ఎరుపు దిగితే చెమటకు కూడా దిగుతది.

మగ్గంవర్క్_మణి:
చారి గారు చెప్పింది వందపాళ్ళు. ఇక్కత్ మీద మగ్గం వర్క్ మాత్రం చేయించొద్దు, సూది పోట్లకి నూలు పక్కకి జరిగి సందులు పడతాయి. మెడ దగ్గర, చేతుల దగ్గర విడి ముక్క మీద వర్క్ చేయించి పైన అతికించండి.

పిల్లలమర్రి_నీడ:
అందరికీ ధన్యవాదాలు. మరి ఖర్చు?

అట్లాంటా_అత్తయ్య:
ఖర్చు తర్వాత, పాస్‌పోర్ట్ ముందు తీయించండమ్మా. హైదరాబాద్ పోటీలో మిస్ ఇంగ్లండ్ మిల్లా మాగీ మధ్యలో వెళ్ళిపోతే ఇంగ్లండ్ తరఫున రన్నరప్ షార్లెట్ గ్రాంట్‌ని పంపారు. రన్నరప్ పెట్టెలో కూడా గౌను, హీల్స్, గడువు ఉన్న పాస్‌పోర్ట్ సిద్ధంగా ఉండాలి.

ర్యాంప్_రాఘవ:
మణి గారూ, నెట్ గౌనుకి రెండంగుళాల పట్టీనా, నాలుగా? మీరు రెండు అన్నారు, వెనక నేల మీద జీరాడే తోక ఉంటే రెండు చాలదు.

మగ్గంవర్క్_మణి:
తోక వరకు నాలుగు, ముందువైపు రెండు. కలిసే చోట పక్క కుట్టులోకి దూర్చేయాలి, లేకపోతే గుబ్బలా కనిపిస్తుంది.