పాత ఇళ్ల ఫొటోలు ముందు ముందు పనికొచ్చేలా ఎట్టా తీయాలి?

కందుకూరు నుంచి:
నమస్తే అందరికీ. కాలేజీ రోజుల్లో ఫిలిం కెమెరాతో మొదలైన పిచ్చి ఇది, ఇప్పటికీ సెలవు దొరికితే కనిగిరి, పామూరు వైపు ఏదో ఒక ఊరికి బండేసుకుని పోతాను, పెంకుటిళ్లు, మట్టి మిద్దెలు, సముద్రం వైపు తాటాకు ఇళ్లు, గొడ్ల కొట్టాలు, ఏది కనబడితే అది తీస్తాను. మళ్లీ ఆ ఊరికి పోయేసరికి ఇల్లు ఉండదు, స్లాబు లేచి ఉంటుంది. అందుకే రెండు సందేహాలు. లోపల చీకట్లో ఫోనుతో దూలాలు సరిగ్గా రావడం లేదు, ఫ్లాష్ వేస్తే తెల్లగా కొడుతోంది. ఇంకోటి, ఇన్నేళ్ల ఫొటోలు ఎట్టా సర్దాలి?

మార్కాపురం నుంచి:
ఫ్లాష్ వద్దన్నా. చిన్న ట్రైపాడ్ పెట్టి, ప్రో మోడ్‌లో ఐఎస్ఓ (వెలుగు పట్టే స్థాయి) 100, షట్టర్ రెండు మూడు సెకన్లు, టైమర్ మీద నొక్కితే చేయి అదురు కూడా ఉండదు. గవాక్షి, అదే వెలుగు కోసం మిద్దెకి పెట్టే కంత, ఫ్రేములోకి మాత్రం రానీయొద్దు, అక్కడంతా తెల్లగా కొట్టేస్తుంది. ఇంకో మాట, ఎదురుగా అరుగు, ద్వారబంధం అందరూ తీస్తారు. మిద్దె సగం కూలిన ఇల్లు కనబడితే వదలొద్దు, విరిగిన చోట దూలం, దాని మీద దంతెలు (అడ్డంగా పరిచే చిన్న వాసాలు), ఆపైన కట్టె, మట్టి, అన్నిటికన్నా పైన చవుడు (ఉప్పు మట్టి), వరసగా పొరలన్నీ కనబడతాయి. ఆ మిద్దె ఎట్టా కట్టారో రేపు ఎవరైనా తెలుసుకోవాలంటే ఆ ఒక్క ఫొటోనే ఆధారం. పక్కన టేపు పెట్టి తీయండి, కానీ బయట నిలబడే తీయండి, కప్పు కిందికి పోవద్దు.

అద్దంకి నుంచి:
పెంకు దొరికితే తిరగేసి తీయండి సార్. మంగళూరు పెంకు అయితే చాలావాటి మీద ఫ్యాక్టరీ పేరు అచ్చేసి ఉంటుంది. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వాళ్లు 1865లో మంగళూరులో ఫ్యాక్టరీ పెట్టారు, తర్వాత చాలా కంపెనీలు వచ్చాయి, కాబట్టి ఆ పేరును బట్టి సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. నాటు గూనపెంకు మీద పేరుండదు గానీ, కొన్నిటి మీద కుమ్మరి వేళ్ల గీతలు అట్టాగే ఉంటాయి. పొద్దున్నే ఎండ పక్క నుంచి పడేటప్పుడు తీస్తే బాగా తేలతాయి.

నెల్లూరు నుంచి:
సర్దడం గురించి నేను చెప్తా. జిల్లా పేరుతో ఫోల్డర్లు పెట్టొద్దు. మీ కందుకూరే చూడండి, 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆపైన ఒంగోలు జిల్లా, 1972లో దానికే ప్రకాశం అని పేరు, 2022లో మళ్లీ నెల్లూరు. ఊరు, మండలం, తేదీ ఫైలు పేరులోనే రాసేయండి, ఇంటి రకం ట్యాగ్‌గా పెట్టుకోండి. ఇంటి పెద్దవాళ్లు చెప్పింది అక్కడే ఫోనులో రికార్డు చేసి అదే ఫోల్డర్లో వేయండి, వడ్లు ఏ గాదెలో పోసేవాళ్లు, మిద్దె మీద చవుడు ఎవరు వేసేవాళ్లు, ఇవి ఫొటోలో రావు. వాళ్లు సరేనంటే ఫొటోలు వికీమీడియా కామన్స్‌లో, అంటే ఎవరైనా వాడుకునేలా ఫొటోలు దాచే వెబ్‌సైట్‌లో పెట్టండి, హార్డ్‌డిస్క్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

కందుకూరు నుంచి:
చాలా థ్యాంక్స్ అండి. పామూరు దగ్గర ఒక మిద్దె విప్పుతున్నారని ఇప్పుడే కబురొచ్చింది, ఆలస్యం చేస్తే దూలాలు అమ్మేస్తారు, రేపు పొద్దున్నే బయల్దేరుతున్నా. కనిగిరి వైపు వాళ్లెవరైనా వస్తారా? టేపు పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.