ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ ఆన్‌లైన్ కోర్సు: విశాఖ మీద రిస్క్ అసెస్‌మెంట్ రాయాలి, లెక్క దగ్గర ఆగిపోయాను

ఎండాడ_కుర్రాడు:

నమస్కారమండీ. ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ సైన్స్‌లో ప్రాథమిక స్థాయి ఆన్‌లైన్ కోర్సు చేస్తున్నాను. పాఠాలు అమెరికా వాళ్లవి, ప్రమాణాలూ వాళ్లవే. హజార్డ్ (హాని చేయగలిగేది), ఎక్స్‌పోజర్ (అది మనిషిని తాకడం), డోస్ (ఒంట్లోకి చేరిన మోతాదు), రిస్క్ (హాని జరిగే అవకాశం) వరకూ అయింది. ఇప్పుడు మన ఊళ్లోని ఒక ప్రమాదాన్ని తీసుకుని రిస్క్ అసెస్‌మెంట్ రాయమన్నారు. మూడు వారాల గడువు ఉంది. "విశాఖపట్నం కాలుష్యం, ప్రజారోగ్యం" అని పేరు పెట్టుకున్నాను.

రెండు చోట్ల ఇరుక్కున్నాను. మా వీధిలో ఒక బోరు నీళ్ల ల్యాబ్ రిపోర్టు ఉంది, అందులో నైట్రేట్ లీటరుకి 38 మిల్లీగ్రాములు. కోర్సులో పరిమితి 10 అన్నారు. అంటే దాదాపు నాలుగు రెట్లు కదా? కానీ అదే రిపోర్టులో పక్కన "పరిమితిలోనే ఉంది" అని రాశారు. రెండోది గాలి. ఒకే రోజు ఒక యాప్ ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) 75 అంటుంది, ఇంకోటి 124 అంటుంది. దేన్ని నమ్మాలి? అసలు నీళ్లు తీసుకోమంటారా, గాలా?

మేఘాద్రిగెడ్డ:

ఆ పేరుతో రాస్తే పుస్తకం అవుతుంది గానీ అసైన్‌మెంట్ అవదు. పోర్టు, స్టీలు ప్లాంటు, రిఫైనరీ, పరవాడ, గెడ్డలు, ట్రాఫిక్ అంటూ తలో పేరా రాసేవాళ్లకి మార్కులు పోయేది అక్కడే. దిద్దేవాళ్లు వెతికేది ఎక్కణ్ణుంచి బయల్దేరింది, ఏ దారిన వచ్చింది, ఎవరి ఒంట్లోకి వెళ్లింది అన్న గొలుసు. అందులో ఒక్క లంకె తెగినా మిగిలేది హజార్డే, రిస్క్ కాదు. మూత బిగించిన డబ్బాలో యాసిడ్ హజార్డు. గ్లవుజు లేకుండా అందులో చెయ్యి పెడితే ఎక్స్‌పోజర్.

చేతిలో రిపోర్టు ఉంది కాబట్టి నీళ్లే తీసుకోండి. మీ 38, వాళ్ల 10 ఒకే కొలమానంలో లేవు. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణం (ఐఎస్ 10500, 2012) నైట్రేట్‌ని నైట్రేట్‌గానే కొలుస్తుంది, పరిమితి లీటరుకి 45 మి.గ్రా. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అందులోని నైట్రోజన్‌ని మాత్రమే లెక్కగడుతుంది, పరిమితి 10. నైట్రోజన్ అణుభారం 14, నైట్రేట్‌ది 62. 62ని 14తో భాగిస్తే 4.43. మీ 38ని దాంతో భాగిస్తే 8.6 వస్తుంది. అంటే రెండు ప్రమాణాల ప్రకారమూ పరిమితిలోపే, కానీ అంచు దగ్గర. రిపోర్టులో "నైట్రేట్" అనుందో "నైట్రేట్ నైట్రోజన్" అనుందో చూడకుండా ఒక్క అంకె కూడా రాయొద్దు. ఈ తప్పు ఒక్కటి చాలు, పేపరంతా తలకిందులవడానికి.

ఇప్పుడు డోస్. సూత్రం మీకు చెప్పే ఉంటారు: నీళ్లలోని గాఢతని రోజుకి తాగే లీటర్లతో, ఏడాదికి ఎన్ని రోజులో దాంతో, ఎన్నేళ్లో దాంతో గుణించి, శరీర బరువుతోనూ సగటు కాలంతోనూ (డోస్‌ని ఎన్ని రోజుల మీద పరుస్తున్నామో అది) భాగించాలి. కోర్సులో పెద్దవాళ్లకి రోజుకి 2 లీటర్లు, 70 కిలోలు అని ఇచ్చి ఉంటారు. మే నెలలో మన ఉక్కపోతకి 2 లీటర్లేం సరిపోతాయి? 3 లీటర్లు, 60 కిలోలు వేసుకోండి, ఎందుకు మార్చారో ఒక వాక్యం రాయండి. రోజూ తాగుతారు కాబట్టి రోజులూ ఏళ్లూ కొట్టుకుపోయి 8.6 × 3 ÷ 60 = 0.43 మిగులుతుంది. నైట్రేట్ నైట్రోజన్‌కి ఈపీఏ రెఫరెన్స్ డోస్ (రోజూ ఒంట్లోకి వెళ్లినా హాని చెయ్యదనుకునే మోతాదు) కిలో బరువుకి రోజుకి 1.6 మి.గ్రా. 0.43ని 1.6తో భాగిస్తే హజార్డ్ కోషెంట్ 0.27. ఒకటి లోపు ఉంది కదా, ఫర్వాలేదు అని ఇక్కడ ముగించేస్తారు చాలామంది. తప్పు.

నైట్రేట్ విషయంలో అసలు భయపడాల్సింది ఆర్నెల్లలోపు పసిబిడ్డ గురించి, అదీ పోతపాలు తాగే బిడ్డ గురించి. కడుపులోని బ్యాక్టీరియా నైట్రేట్‌ని నైట్రైట్‌గా మారుస్తుంది. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ మొయ్యలేని మెథిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. పెదాలు, గోళ్లు నీలంగా తేలతాయి. అందుకే మీ పేపర్లో "ఎవరి ఒంట్లోకి" అన్నదానికి జవాబు "వీధిలో జనం" కాకూడదు, "ఈ బోరు నీళ్లతో పాలపొడి కలిపి తాగే పసిపిల్లలు" కావాలి. 4 కిలోల బిడ్డ, రోజుకి 0.64 లీటరు అని వేసి లెక్క మళ్లీ కట్టి ఇక్కడ పెట్టండి, చూస్తాను.

ఒక సంగతి తప్పకుండా రాయండి. నీళ్లు మరగబెడితే నైట్రేట్ పోదు. నీరు ఆవిరై మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, మామూలు కార్బన్ ఫిల్టరు కూడా దీనికి పనికిరావు. ఆర్వో తగ్గిస్తుంది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో "కాచి చల్లార్చి ఇస్తున్నాం" అన్న ధీమా సూక్ష్మజీవుల వరకే పనికొస్తుంది.

పోర్టుగాలి:

గాలి సంగతి నేను చెప్తాను. యాప్‌లు రెండూ అబద్ధం చెప్పట్లేదు. గాలిలో పీఎం 2.5 (2.5 మైక్రాన్ల లోపు సన్న రేణువులు) ఘనపు మీటరుకి 45 మైక్రోగ్రాములు అనుకోండి. మన సీపీసీబీ (కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి) పట్టికలో 31 నుంచి 60 వరకూ ఉన్న గాఢతకి 51 నుంచి 100 వరకూ అంకెలిస్తారు. అలా లెక్కగడితే 75 వస్తుంది, పేరు "శాటిస్‌ఫాక్టరీ". ఈపీఏ 2024లో మార్చిన పట్టికలో 35.5 నుంచి 55.4 వరకూ 101 నుంచి 150. అదే 45కి 124 వస్తుంది, "సున్నితమైన వర్గాలకి అనారోగ్యకరం" అని. మీరు చెప్పిన రెండు అంకెలూ సరిగ్గా ఇవే. గాలి ఒకటే, స్కేళ్లు వేరు. అందుకే పేపర్లో ఏక్యూఐ రాయకండి, మైక్రోగ్రాములే రాయండి. మన 24 గంటల ప్రమాణం 60, డబ్ల్యూహెచ్‌వో 2021లో చెప్పింది 15. ఆ రెండింటి మధ్య 45ని నిలబెడితే చాలు, చదివేవాళ్లకి అర్థమవుతుంది.

మన ఏక్యూఐకి ఇంకో కిటుకుంది. అందులో పీఎం అంటే 24 గంటల సగటు. శీతాకాలం పొద్దున్నే ఇన్వర్షన్‌తో (పైన వెచ్చటి గాలి పొర మూతలా పడటంతో) గాలి కదలక రెండు మూడు గంటలు గాఢత ఎగబాకినా, మధ్యాహ్నం సముద్రపు గాలి తగిలేసరికి సగటు కిందికి దిగిపోతుంది. విశాఖకి ఇటు కైలాసగిరి వైపు కొండలు, అటు యారాడ కొండ. మధ్యలో పోర్టు ఉన్న చోటు గిన్నెలా ఉంటుంది. ఆ గిన్నెలో ఉన్నవాళ్ల సంగతి తెలియాలంటే గంటగంట లెక్క దించుకోవాలి. సగటు చాలదు.

చేతిలో పట్టే చవక సెన్సరు కొని కొలుద్దామనుకుంటున్నారేమో, దానికి మన ఊరి తేమ పెద్ద తంటా. అవి రేణువుల మీద లేజర్ కాంతి వేసి, చెదిరిన కాంతిని బట్టి బరువు అంచనా కడతాయి. గాలిలో తేమ 80 శాతం దాటితే ఉప్పు రేణువులు నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. సెన్సరుకి అవి పెద్ద రేణువుల్లా కనబడి రీడింగు ఎక్కువ చూపిస్తుంది. బీచ్ రోడ్డులో పొద్దున్న ఆరింటికి కొలిచి "చూడండి, ఎంత ఘోరమో" అని రాస్తే తిప్పికొట్టడం నిమిషం పని. తేమ కూడా పక్కనే నమోదు చెయ్యండి. జీవీఎంసీ పేరుతో ఉన్న నిరంతర పరిశీలన స్టేషన్ దగ్గర కొన్ని రోజులు పెట్టి రెండింటికీ తేడా చూసుకోండి. ఊపిరి పీల్చే ఎత్తులో, అంటే నేల నుంచి మీటరున్నర పైన, గోడకీ వంటింటికీ అగరొత్తులకీ దూరంగా ఉంచాలి.

ఇక బొగ్గు దుమ్ము. పాత నగరంలో, జ్ఞానాపురం వైపు, బాల్కనీ ఊచ మీద వేలితో రాస్తే నల్లటి చార వస్తుంది. ఫొటో బాగుంటుంది, ఎక్స్‌పోజర్‌కి మాత్రం అది రుజువు కాదు. అలా వాలి కూర్చున్న దుమ్ములో బరువంతా ముతక రేణువులదే. ముక్కులోనూ గొంతులోనూ ఆగిపోతాయి, ఊపిరితిత్తుల లోపలికి పోయేవి కావు. లోపలికి పోయే సన్న రేణువులు అంత తొందరగా ఊచ మీద వాలవు, గాల్లోనే తేలుతుంటాయి. వాలిన దుమ్మునే కొలవాలనుకుంటే నెల రోజులు జాడీ పెట్టి చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చెప్పాలి. దాన్ని పీఎం 10 (గాల్లో తేలే 10 మైక్రాన్ల లోపు రేణువులు) అని పిలవకూడదు. రెండింటినీ ఒకటిగా రాసేవాళ్లే ఎక్కువ.

గోపాలపట్నం_రీడర్:

ఇంత చిక్కెందుకండీ. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగిన స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) లీకు మీద రాస్తే సరి. 12 మంది పోయారు, ఊరంతటికీ తెలుసు, వార్తలూ నివేదికలూ కావలసినన్ని.

మేఘాద్రిగెడ్డ:

రాయొచ్చు, కానీ ఈ అసైన్‌మెంట్‌కి అతకదు. పైన చెప్పిన డోస్ సూత్రం రోజూ కొంచెం కొంచెంగా, ఏళ్ల తరబడి ఒంట్లోకి పోయేవాటి కోసం. ఆ తెల్లవారుజామున జరిగింది కొన్ని గంటల తీవ్ర ఎక్స్‌పోజర్. దాన్ని ఆ సూత్రంలో పెట్టి ఏళ్ల తరబడి రోజులతో భాగిస్తే అర్థం లేని చిన్న అంకె వస్తుంది. అలాంటివాటిని పోల్చాల్సింది అప్పటికప్పుడు ప్రాణం మీదికి తెచ్చే స్థాయితో. స్టైరీన్‌కి నియోష్ (అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ) చెప్పిన అలాంటి స్థాయి 700 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 700). పైగా ఇంటింటికీ ఎంత పీపీఎం పడిందో కొలతలుండవు కాబట్టి గాఢత దగ్గరే ఆగిపోతారు.

హజార్డ్ గుర్తింపు పాఠానికి మాత్రం దాన్ని మించిన ఉదాహరణ లేదు. స్టైరీన్ తనంతట తానే పాలిమర్‌గా మారుతుంది. మారేటప్పుడు వేడి పుడుతుంది, ఆ వేడికి ఇంకా వేగంగా మారుతుంది. దాన్ని ఆపేందుకే టీబీసీ అనే ఇన్హిబిటర్ కలుపుతారు. అది తగ్గినా, ట్యాంకు వేడెక్కినా గొలుసు మొదలవుతుంది. ఆవిరి గాలికంటే మూడున్నర రెట్లు బరువు, పైకి పోదు, పల్లం వెతుక్కుంటుంది. అలాంటప్పుడు నేలబారుగా పడుకోవడం మంచిది కాదు. గాలివాటానికి అడ్డంగా, ఎత్తైన చోటుకి పోవాలి. మీ పేపరుకి పీఠికలో రెండు వాక్యాలు చాలు. పీపీఎంని మి.గ్రా.లోకి మార్చడం నేర్చుకోవాలంటే దీంతోనే చూసుకోండి: అణుభారం 104.15ని 24.45తో (25 డిగ్రీల దగ్గర ఒక మోల్ వాయువు పట్టే లీటర్లు) భాగిస్తే 4.26. అంటే 100 పీపీఎం అంటే ఘనపు మీటరుకి 426 మి.గ్రా.

ల్యాబ్_బెంచి:

నీళ్లు ఖాయమైతే నమూనా గురించి నాలుగు మాటలు. ఒక్కసారి తీసిన 38 మీద ఏడాది లెక్క కట్టకండి. వానలకి ముందొకటి, తర్వాతొకటి ఉంటే మంచిది. మూడు వారాల్లో కుదరదు కాబట్టి "ఒకే నమూనా" అని నిజాయితీగా రాయండి. టేపు పట్టుకుని బోరుకీ చుట్టుపక్కల సెప్టిక్ ట్యాంకులకీ దూరం కొలవండి, మీ పక్కింటి ట్యాంకు కూడా. 15 మీటర్లు ఉండాలంటారు. మన కొండల ఖోండలైట్ రాతిలో పగుళ్లుంటాయి, మురుగు ఆ పగుళ్లవెంట పోతే 15 మీటర్లు కూడా భరోసా కాదు. గొలుసులో "దారి" అన్నది మీకు దొరికేది అక్కడే.

నైట్రేట్‌కి శుభ్రమైన ప్లాస్టిక్ సీసా చాలు. మోటారు ఐదు నిమిషాలు నడిపి, పైపులో నిలవున్న నీళ్లు పోయాక, అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపి, ఐసుపెట్టెలో పంపాలి. బ్యాక్టీరియా కూడా చూపించాలంటే ఆ సీసా వేరు. ల్యాబు ఇచ్చిన స్టెరైల్ సీసానే వాడాలి, తొలవకూడదు, పైన కాస్త ఖాళీ వదలాలి. అది క్లోరిన్ కలిసిన కుళాయి నీరైతే సీసాలో సోడియం థయోసల్ఫేట్ ఉండి తీరాలి. లేకపోతే దారిపొడవునా క్లోరిన్ పనిచేస్తూనే ఉండి, ల్యాబు చేరేసరికి ఉన్న సూక్ష్మజీవులు కూడా చచ్చిపోతాయి. రిపోర్టు "సున్నా" అని వస్తుంది, కుళాయి దగ్గర సంగతి వేరు. ఐఎస్ 10500 ప్రకారం ఈ.కోలి 100 మి.లీ.లో అసలు కనబడకూడదు.

జేబులో పెట్టుకునే టీడీఎస్ మీటరుతో "నీళ్లు బాగున్నాయి" అని తేల్చేవాళ్లకి ఒక మాట. నీళ్లలో కరిగిన లవణాలు విద్యుత్తుని ఎంత మోస్తున్నాయో అది కొలుస్తుంది, అంతే. నైట్రేట్ ఎంతో విడిగా చెప్పదు, ఈ.కోలిని అసలే చూడదు. తీరం దగ్గర బోర్లలో ఉప్పునీరు చొరబడుతోందేమో పసిగట్టడానికి పనికొస్తుంది.

ఎండాడ_కుర్రాడు:

చాలా థాంక్సండీ, పేరు మార్చేశాను: "సెప్టిక్ ట్యాంకు నుంచి పాలసీసా వరకు: ఒక బోరులో నైట్రేట్". దూరం కొలిచాను, పక్కింటి ట్యాంకుకి 9 మీటర్లే ఉంది. బిడ్డ లెక్క ఇదిగో. 8.6 × 0.64 × 365 రోజులు × 1 సంవత్సరం, కింద 4 కిలోలు × 25,550 రోజులు. 0.0197 వచ్చింది. 1.6తో భాగిస్తే 0.012. పెద్దవాళ్లకంటే బిడ్డకే తక్కువ వస్తోందేమిటి?

మేఘాద్రిగెడ్డ:

అనుమానం వచ్చింది కదా, మంచిదే. 25,550 అంటే 70 ఏళ్ల రోజులు. ఆ సగటు కాలం క్యాన్సర్ లెక్కకి మాత్రమే, అక్కడ జీవితమంతటి మీదా డోస్‌ని పరుస్తారు. నైట్రేట్‌ది క్యాన్సర్ లెక్క కాదు. ఎన్నేళ్లు తాగితే అన్నేళ్ల రోజులతోనే భాగించాలి, అంటే మీ లెక్కలో 365. పైనా కిందా కొట్టుకుపోయి 8.6 × 0.64 ÷ 4 = 1.376 మిగులుతుంది. 1.6తో భాగిస్తే 0.86.

ఆ 1.6 ఎలా వచ్చిందో కూడా గమనించండి. ఈపీఏ వాళ్లు 10 మి.గ్రా. నీళ్లు 0.64 లీటరు తాగే 4 కిలోల బిడ్డనే ఆధారంగా తీసుకున్నారు. 10 × 0.64 ÷ 4 = 1.6. అంటే మీ 0.86 వేరే ఏమీ కాదు, 8.6ని 10తో భాగించినదే. అదనపు భద్రత కోసం ఈ అంకెని ఇంకే గుణకంతోనూ తగ్గించలేదు, అందుకని 0.86ని "సురక్షితం" అని రాయకండి. "ఒకటి లోపు, మిగిలింది కొద్దిపాటి సందే, నమూనా ఒక్కటే, ట్యాంకు 9 మీటర్లలో ఉంది" అని రాయండి. వానల తర్వాత 38 కాస్తా 45 అయిందంటే ఆ కోషెంటు ఒకటి దాటుతుంది.