ఫ్రెడ్ హాంప్టన్ వ్యాసం: తూటాల లెక్క, ఐస్‌క్రీం కేసు, ఈతకొలను – తెలిసినవాళ్లు చెప్పండి

సందేహాలరావు:
అమెరికాలో నల్లజాతి హక్కుల కోసం పోరాడిన బ్లాక్ పాంథర్ పార్టీ (వాళ్లనే పాంథర్లంటారు) చికాగో నాయకుడు ఫ్రెడ్ హాంప్టన్ మీద తెలుగు వ్యాసం ఒకటి తయారవుతోంది, మూడు చోట్ల ఆగింది. 71 డాలర్ల ఐస్‌క్రీం దోచాడని అతని మీద పెట్టిన కేసు 1968దా, 69దా? అతని ఇంటి మీద పోలీసుల దాడిలో పేలిన తూటాలు 82 అని ఒకచోట, 90కి పైనే అని ఒకచోట, 99 అని ఇంకోచోట ఉంది. ఏది రాయాలి? అతను పెరిగిన చికాగో శివారు మేవుడ్‌లో ఈతకొలను ఉద్యమం సంగతేంటి? ప్రస్తుతానికి చివరి వాక్యం ఇలా ఉంది: "1969 డిసెంబర్ 4 తెల్లవారుజామున చికాగోలో పోలీసులతో జరిగిన ఎదురుకాల్పుల్లో మరణించాడు."

మెతుకుసీమ:
ఎదురుకాల్పులా? ముందు ఆ మాట కొట్టెయ్యండి, తూటాల సంగతి తర్వాత.

లా_పాయింట్:
తొందరపడకండి మెతుకుసీమ గారూ. పాంథర్ల వైపు నుంచి ఒక తూటా పేలిన మాట నిజం. ఇటూ అటూ పేలినప్పుడు ఎదురుకాల్పులు కాక మరేమంటారు?

మెతుకుసీమ:
ఒక్కటంటే ఒక్కటి సార్! తలుపు దగ్గర కాపలా ఉన్న మార్క్ క్లార్క్ చేతిలోని షాట్‌గన్‌ది. మిగతావన్నీ పోలీసులవి. అతనికి 22 ఏళ్లు, హాంప్టన్‌కి 21. హాంప్టన్ వెనక గదిలో పరుపు మీద ఉన్నాడు, పక్కన నెలలు నిండుతున్న అతని సహచరి డెబొరా జాన్సన్. అక్కడినుంచి ఎదురు కాల్చిందెవరు?

గుండుసూది:
బాలిస్టిక్స్ రిపోర్టు చదవడం వచ్చినవాళ్లకి ఇది చిక్కుప్రశ్నే కాదు. 82, 99 రెండూ ఒకే కాగితంలోవి. 1970 మేలో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ (నేరారోపణ చెయ్యాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ఇచ్చిన రిపోర్టులో పోలీసులు కాల్చినవి "82 నుంచి 99" అని ఉంది. ఇలాంటి ఇంట్లో ఒక్క అంకె ఎందుకు తేలదో చూడండి. షాట్‌గన్ ఒకసారి పేలితే గోడకి బోలెడు రంధ్రాలు పడతాయి. మెషిన్‌గన్ తూటా ఒకటే ముందుగది గోడ దాటి పడగ్గది గోడలోకి వెళితే రెండు రంధ్రాలు. రంధ్రాలు లెక్కపెడితే ఎక్కువొస్తాయి, దొరికిన ఖాళీ షెల్స్ లెక్కపెడితే తక్కువొస్తాయి. పైగా ఆ ఇంటికి డిసెంబర్ 17 దాకా సీలే వెయ్యలేదు. అందుకని "82–99 మధ్య" అనే రాయండి, సగటు తీసి 90 అనొద్దు.

ఇంకోటి. చికాగో పోలీసు ల్యాబ్ రెండు షెల్స్‌ని పాంథర్ల తుపాకీకి అంటగట్టింది. ఎఫ్‌బీఐ నిపుణుడు చూస్తే అవి ఒక పోలీసు షాట్‌గన్‌వని తేలింది. ఎదురుకాల్పుల కథకి ఉన్న ఆధారం అక్కడే కూలిపోయింది.

లా_పాయింట్:
ఆ గ్రాండ్ జ్యూరీ ఒక్క పోలీసు మీద కూడా నేరారోపణ చెయ్యలేదని కూడా చెప్పండి మరి. సగం చెబితే ఎలా?

గుండుసూది:
చెయ్యలేదు, నిజమే. ప్రాణాలతో మిగిలిన ఏడుగురి మీద పెట్టిన కేసులు కూడా అదే మే నెలలో ఎత్తేశారు. ఆ సగం మీరు చెప్పండి.

గోదారిగట్టు:
మేకుల సంగతి ఎవరూ ఎత్తరేం? ప్రాసిక్యూటర్ హాన్రహాన్ ఆఫీసు ట్రిబ్యూన్ పత్రికకి ఫొటోలిచ్చింది, ఇవిగో పాంథర్ల తూటాల రంధ్రాలు అని. సన్-టైమ్స్ విలేఖరులు వెళ్లి చూస్తే అవి మేకు తలలు! సీలు వెయ్యకపోవడమే కలిసొచ్చింది. జనం వేల సంఖ్యలో వరసకట్టి ఆ ఇల్లు చూశారు, లాయర్లు గది గదీ ఫిల్మ్ తీసి ఆధారాలు మూటగట్టుకున్నారు.

ఎర్రమందారం:
మన పేపర్లలో "ఎదురుకాల్పులు" అంటే అర్థమేంటో ఇక్కడ ఎవరికి తెలీదు? ఆంధ్రప్రదేశ్‌లో ఎన్‌కౌంటర్ చావుల మీద విచారించిన తార్కుండే కమిటీ 1977లో వెతికింది ఆ మాట వెనకున్న శవాలనే. 2009లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం ఎన్‌కౌంటర్ చావుకి ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనంది.

లా_పాయింట్:
ఆ తీర్పు మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. చికాగో కేసులోకి హైదరాబాద్‌ని లాక్కురాకండి.

ఎర్రమందారం:
లాక్కొచ్చింది నేను కాదు, ఆ మాట వాడినవాళ్లు.

పాత_పేజీలు:
ఇద్దరూ కాస్త ఆగండి. అసలువాడు పాంథర్లలో ఉంటూ ఎఫ్‌బీఐకి కబుర్లు చేరవేసిన విలియం ఓనీల్. కారు దొంగతనంలో దొరికి ఎఫ్‌బీఐ ఏజెంట్ రాయ్ మిచెల్ గుప్పిట్లోకి వచ్చాడు. పార్టీలో సెక్యూరిటీ చూస్తూ ఇంటి ప్లాన్ అందించాడు, అందులో హాంప్టన్ మంచం ఎక్కడుందో కూడా ఉంది. దాడి తర్వాత 300 డాలర్ల బోనస్. ఆ రాత్రి కూల్‌డ్రింక్‌లో మత్తుమందు కలిపింది కూడా వాడే.

గుండుసూది:
ఆ చివరి వాక్యం వ్యాసంలోకి పోనివ్వకండి. కుటుంబం తరఫున చేయించిన పరీక్షలో సెకోబార్బిటాల్ అనే నిద్రమందు కనబడింది, ఎఫ్‌బీఐ పరీక్షలో కనబడలేదు. ఎవరు కలిపారన్నది కోర్టులో రుజువు కాలేదు. ప్లాన్, బోనస్ మాత్రం కాగితాల మీద ఉన్నాయి.

పాత_పేజీలు:
ఎఫ్‌బీఐ ల్యాబ్‌ని నమ్ముతున్నారా మీరు? భేష్!

గుండుసూది:
షెల్స్ విషయంలో నమ్మాం కదా. మనకి నచ్చిన రోజు నమ్మి, నచ్చని రోజు మానేస్తామా?

గోదారిగట్టు:
వేర్వేరు జాతుల పేదల గుంపుల్ని కలిపిన రెయిన్‌బో కూటమి గురించి ఒక్క ముక్కా లేదు. బానిసత్వాన్ని సమర్థించిన దక్షిణాది రాష్ట్రాల కాన్ఫెడరేట్ జెండా కుట్టించుకున్న యంగ్ పేట్రియట్స్ పేద తెల్లకుర్రాళ్లని, ప్యూర్టోరికన్ యంగ్ లార్డ్స్‌ని కలిపి కూచోబెట్టాడు హాంప్టన్.

పాత_పేజీలు:
చికాగోలో ఆ తెల్లకుర్రాళ్లుండే అప్‌టౌన్ పేటకి ముందు వెళ్లి వాళ్లతో మాట కలిపింది ఇంకో పాంథర్ బాబ్ లీ. అంతా హాంప్టన్ ఖాతాలో వెయ్యకండి.

లా_పాయింట్:
బతికినవాళ్లు, చనిపోయినవాళ్ల కుటుంబాలు వేసిన సివిల్ కేసు కూడా రాయండి. అడిగింది 4 కోట్ల 77 లక్షల డాలర్లు. 18 నెలల విచారణ, 1977లో జడ్జి కొట్టేశాడు, 1979లో అప్పీలు కోర్టు తిరగదోడింది. 1982లో 18.5 లక్షల డాలర్లకి రాజీ. నగరం, కౌంటీ, కేంద్రం మూడూ పంచుకుని కట్టాయి. తప్పు ఒప్పుకోలేదు.

మెతుకుసీమ:
తప్పు చెయ్యనివాళ్లు డబ్బు కట్టడం అమెరికాలో ఆచారం కాబోలు.

సందేహాలరావు:
అందరికీ దండాలు. ఐస్‌క్రీం?

గుండుసూది:
ఘటన 1968 జూలై, శిక్ష 1969లో, రెండు నుంచి ఐదేళ్లు. మెనార్డ్ జైలు. ఆగస్టులో అప్పీలు బెయిలు మీద బయటికి.

సందేహాలరావు:
చివరి వాక్యం "పోలీసు దాడిలో, పరుపు మీద ఉండగానే కాల్చి చంపారు" అని మార్చాను. ఈతకొలను మిగిలింది.

లా_పాయింట్:
"చంపారు" అని ఏ కోర్టు అంది?

ఎర్రమందారం:
మళ్లీ మొదలు.

గోదారిగట్టు:
మేవుడ్‌లో నల్లపిల్లలు ఈదడానికి కొలను లేదు. నల్లవాళ్ల హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ యువజన విభాగం నడుపుతున్న రోజుల్లోనే ఊరికి కొలను కావాలని ఊరేగింపులు తీశాడు. ఇప్పుడక్కడి కొలనుకి అతని పేరే. అదిసరే, హాంప్టనా, హ్యాంప్టనా? శీర్షికలో ఒకటి, లోపల ఇంకొకటి ఉంది.