ఎండబెట్టిన వేర్లలో గోధుమరంగు చిన్న పురుగులు: ఇవేంటో చెప్పగలరా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఎండబెట్టిన ఆకులు, పూలు, వేర్లు కాగితం కవర్లలో దాచి ఉంచాను. వేర్ల కవరు అడుగున సన్నటి పొడి రాలి ఉంది. వేర్ల మీద గుండ్రటి చిన్న చిల్లులు. దులిపితే ఎర్రటి గోధుమరంగు పురుగులు పడ్డాయి, 2–3 మిల్లీమీటర్లు ఉంటాయేమో. ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటున్నాయి. మిగతా కవర్లకీ పాకుతాయేమోనని టెన్షన్‌గా ఉందండి.

జవాబు:
మీరు చెప్పిన గుర్తులన్నీ సిగరెట్ బీటిల్‌కి, డ్రగ్‌స్టోర్ బీటిల్‌కి సరిపోతాయండి. రెండూ ఒకే కుటుంబం, మామూలు కంటికి తేడా తెలియదు. చచ్చిన పురుగును తెల్ల కాగితం మీద పెట్టి, పక్కనుంచి లైటు పడేలా చేసి భూతద్దంతో చూడండి. వీపు మీద పొడుగునా చుక్కల గీతలు వరసగా ఉంటే డ్రగ్‌స్టోర్ బీటిల్. గీతల్లేకుండా నున్నగా ఉంటే సిగరెట్ బీటిల్. మీసాలు కూడా చూడండి, నా దృష్టిలో అదే గట్టి గుర్తు. సిగరెట్ బీటిల్ మీసం పొడుగునా రంపప్పళ్లలా ఉంటుంది. రెండోదానికి చివరి మూడు కణుపులే పెద్దవిగా, విడివిడిగా కనిపిస్తాయి.

ఈ రెండిటికీ తల కిందికి వంగి ఉంటుంది, పైనుంచి చూస్తే దాదాపు కనబడదు. ఒకవేళ తల ముందుకు స్పష్టంగా కనబడుతూ, ఒళ్లు పలచగా ఉండి, తల వెనక భాగానికి అటూ ఇటూ ఆరేసి పళ్లు ఉంటే అది వేరే పురుగు. అది ఇలా గట్టి వేర్లను తొలవదు, పొడిలోనూ విరిగిన ముక్కల్లోనూ బతుకుతుంది.

ప్రశ్న అడిగినవారు:
చూశానండి. గీతలున్నాయి, మీసం చివర మూడు కణుపులు పెద్దవే. డ్రగ్‌స్టోర్ బీటిలే అన్నమాట. పోషకాలేమీ లేని ఈ ఎండు వేర్లు తిని ఎలా బతుకుతున్నాయో! మందు కొట్టమంటారా?

జవాబు:
వాటి పేగు దగ్గర ఈస్ట్ లాంటి శిలీంధ్రం ఉంటుందండి. తిండిలో లేని బి విటమిన్లు అది అందిస్తుంది. అందుకే ఎంత సారం లేనిదైనా వదలవు.

మందు మాత్రం దయచేసి కొట్టకండి. తినేది పెద్ద పురుగు కాదు, వేరు లోపలున్న తెల్లటి లార్వా. పైన కొట్టిన మందు దాన్ని చేరదు, మీ వేర్లు మాత్రం పాడవుతాయి. బాగా తొలిచినవి పారేయండి. మిగతావన్నీ, పురుగు కనబడని కవర్లతో సహా, గాలి చొరబడని సంచుల్లో పెట్టి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో కనీసం వారం ఉంచండి. లావుపాటి వేర్లయితే రెండు వారాలు. బయటికి తీశాక సంచి గది వేడికి వచ్చేదాకా విప్పొద్దు, లేకపోతే చెమ్మ పట్టి బూజొస్తుంది.

మరొకరు:
ఒక్క మాట కలుపుతాను. పలచటి ప్లాస్టిక్‌నీ కాగితాన్నీ ఇవి కొరికి దాటుతాయి. ఫ్రీజర్‌నుంచి తీశాక గట్టి మూత ఉన్న గాజు సీసాల్లోకి మార్చండి. అల్మారా సందుల్లో రాలిన పొడిని వాక్యూమ్‌తో తీసేయండి. వాసనతో ఆకర్షించే బోనులు పెట్టాలనుకుంటే ఆ జాతి పేరు చూసి కొనండి. సిగరెట్ బీటిల్ బోనులో మీ పురుగు పడకపోవచ్చు. పైగా వాటిలో పడేవి మగవే, కాబట్టి పురుగు ఇంకా ఉందా లేదా తెలుసుకోవడానికి వాడండి గానీ దాంతోనే పోతుందనుకోకండి.