పిల్లల బృందంతో కెనడా సరిహద్దు దాటాలంటే ఏ కాగితాలు కావాలి?

ప్రశ్న (న్యూజెర్సీ నుంచి):
అందరికీ నమస్కారం. వేసవిలో మా తెలుగు బడి పిల్లల్ని బస్సులో టొరంటో తీసుకెళ్ళి తీసుకొచ్చే బాధ్యత నాకు అప్పజెప్పారు. నేను అమెరికా వచ్చి ఏడాది కూడా కాలేదు. పిల్లల్లో చాలామంది ఇక్కడ పుట్టినవాళ్ళే. కొందరికి గ్రీన్ కార్డు ఉంది, కొందరు హెచ్-4 (ఉద్యోగ వీసా మీద వచ్చినవాళ్ళ పిల్లలకిచ్చే వీసా). అందరికీ పాస్‌పోర్టు ఉండి తీరాలా?

బఫెలో నుంచి:
తమ్ముడూ, ఇక్కడి పౌరులైన పిల్లలకి అక్కర్లేదు. 2009 జూన్ 1 నుంచి రోడ్డు దారిన అమెరికాలోకి వచ్చేవాళ్ళకి కూడా పాస్‌పోర్టు లాంటిది కావాలన్నారు గానీ, 16 ఏళ్ళ లోపు వాళ్ళకి బర్త్ సర్టిఫికెట్ చాలు. బడి, గుడి, ఆటల జట్టు తరఫున పెద్దల వెంట వెళ్తే 19 నిండేదాకా అదే సరిపోతుంది. విమానమైతే మాత్రం పసిబిడ్డకైనా పాస్‌పోర్టే. మీ బడి లెటర్‌హెడ్ మీద పిల్లల జాబితా రాయించు. ఒక్కొక్కరి చిరునామా, ఫోను, పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల్లో ఒకరి పేరు అందులో ఉండాలి. తల్లిదండ్రులందరూ ఒప్పుకున్నారని వెంట వెళ్ళే పెద్ద సంతకం పెట్టాలి.

మిషిగన్ నుంచి:
బర్త్ సర్టిఫికెట్ చాలు అనేసి వదిలేయకండి అన్నయ్యగారూ. మా డాన్సు పిల్లలు తిరిగొస్తున్నప్పుడు ఏమైందో చెప్తాను. ఒక పాప తల్లి హాస్పిటల్‌వాళ్ళు జ్ఞాపకంగా ఇచ్చిన కాగితం పెట్టి పంపింది. పాప పాదముద్రలు, బంగారు రంగు అంచు, చూడ్డానికి దర్జాగా ఉంది. ఆఫీసరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ప్రభుత్వం ఇచ్చింది కాదన్నాడు. బస్సు పక్కన పెట్టించారు. పాప ఏడుపు, మిగతా పిల్లల ఆకలి, డ్రైవరు విసుగు. అర్ధరాత్రి వాళ్ళ నాన్నని లేపి అసలు కాగితం ఫోటో తెప్పించి, వాళ్ళు విచారించుకుని వదిలేసరికి తెల్లారింది. అందుకని తమ్ముడూ, బయల్దేరడానికి రెండు వారాల ముందే ప్రతి కాగితం నీ చేతిలోకి తీసుకుని నీ కళ్ళతో చూడు. కౌంటీ గానీ రాష్ట్రం గానీ ఇచ్చిన ఒరిజినలే కావాలి.

సియాటిల్ నుంచి:
ఒరిజినలే కావాలని రూలేం లేదండీ, కాపీ కూడా చెల్లుతుంది. తల్లిదండ్రుల అనుమతి ఉత్తరానికి నోటరీ కూడా మంచిదంటారు గానీ తప్పనిసరి కాదు. కొత్తవాణ్ణి భయపెట్టకండి.

మిషిగన్ నుంచి:
రూలు నాకూ తెలుసు సార్. ఆ రాత్రి మీరు ఆ బస్సులో లేరు. నోటరీకి ఖర్చెంతని? తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలుంటే ఇద్దరి సంతకాలూ తీసుకోవాలి, అది నేను వదలను.

బఫెలో నుంచి:
ఇద్దరూ ఆగండి. అటు వెళ్ళేటప్పుడు కెనడా ఆఫీసరు కూడా చూస్తాడు కదా. 16 దాటిన పిల్లల దగ్గర ఫోటో ఉన్న స్కూలు కార్డయినా ఉంచండి.

డల్లాస్ నుంచి:
అసలు చిక్కు హెచ్-4 పిల్లలతో, దాని సంగతి ఎవరూ ఎత్తలేదు. వాళ్ళకి బృందం మినహాయింపు వర్తించదు. భారత పాస్‌పోర్టు, అందులో కెనడా విజిటర్ వీసా ఉండాలి. 14 ఏళ్ళు నిండితే వేలిముద్రలు కూడా ఇవ్వాలి, కాబట్టి ఈ వారమే మొదలుపెట్టించండి. గ్రీన్ కార్డు పిల్లలకి కెనడా వీసా అక్కర్లేదు గానీ, 2022 ఏప్రిల్ నుంచి కార్డుతోపాటు చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు కూడా చూపాలి.

హ్యూస్టన్ నుంచి:
పాస్‌పోర్టులో హెచ్-4 స్టాంపింగు (వీసా ముద్ర) గడువు అయిపోయిన పిల్లల్ని తీసుకెళ్ళొద్దు. తిరిగి రానివ్వరు.

డల్లాస్ నుంచి:
అలా కాదన్నా. కెనడాలో 30 రోజులకి మించకుండా ఉండి, అక్కడ కొత్త వీసాకి అప్లై చెయ్యకపోతే, చెల్లే ఐ-94తో (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) పాత స్టాంపు మీదే రావచ్చు. ఐ-94 ప్రింటు, తల్లిదండ్రుల ఐ-797 (ప్రభుత్వం ఇచ్చే ఆమోద పత్రం) కాపీ ఆ పిల్లల పాస్‌పోర్టుల్లోనే పెట్టించండి. ఐ-94 గడువు ఒక్కోసారి పాస్‌పోర్టు గడువుతోనే ముగిసిపోతుంది, ఆ తేదీ విడిగా చూసుకోండి.