గ్యాస్ట్రిన్ 640: కణితా, గ్యాస్ మాత్ర ప్రభావమా?

సందేహం: అమ్మకు 58 ఏళ్లు. నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది. పరగడుపున గ్యాస్ట్రిన్ 640 పికోగ్రాములు (ల్యాబ్ పరిమితి 100), పెప్సినోజన్-1 18 నానోగ్రాములు, పెప్సినోజన్ 1కి 2కి నిష్పత్తి 1.6, హిమోగ్లోబిన్ 9.4. ఎనిమిది నెలలుగా రోజూ గ్యాస్ మాత్ర ప్యాంటాప్రజోల్ 40 వేసుకుంటోంది. గ్యాస్ట్రిన్ ఇంతుంటే కణితి అంటున్నారు, నిజమేనా?

జవాబు 1: ఆ ఒక్క అంకెతో తేలదండి. ఆమ్లం ఊరమని జఠరాన్ని పురమాయించే హార్మోన్ గ్యాస్ట్రిన్. ఆమ్లం తగ్గేకొద్దీ జఠరం కింది భాగంలోని జీ కణాలు దాన్ని ఇంకా ఎక్కువ వదులుతాయి. మాత్ర ఆమ్లాన్ని ఆపినా, పై భాగపు పొర క్షీణించినా జరిగేది ఇదే. గ్యాస్ట్రిన్ కణితి చాలా అరుదు, పైగా అందులో ఆమ్లం పొంగుతుంది, జఠర రసం పీహెచ్ 2 లోపే ఉంటుంది.

ఇక్కడ దారి చూపేది పెప్సినోజన్-1. (ఇది హార్మోన్ కాదు, ఎంజైముకు ముడిసరుకు.) పై భాగపు గ్రంథుల్లోనే తయారవుతుంది, అవి పోతే పడిపోతుంది. పెప్సినోజన్-2 కింది భాగంలోనూ డుయోడినంలోనూ (చిన్నపేగు మొదటి భాగం) ఊరుతుంది కాబట్టి అంతగా తగ్గదు, అందుకే నిష్పత్తి చూస్తారు. జపాన్‌లో వాడే కొలత: పెప్సినోజన్-1 70కి మించకుండా, నిష్పత్తి 3కి మించకుండా, రెండూ ఉండాలి. మాత్ర ఒక్కటే కారణమైతే పెప్సినోజన్-1 పెరుగుతుంది. మీ రిపోర్టులో 18 ఉంది, కాబట్టి అట్రోఫిక్ గ్యాస్ట్రైటిస్ (జఠరం పొర క్షీణించడం) వైపే మొగ్గు.

బీ12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), పెరైటల్ కణాల (ఆమ్లం తయారుచేసే జఠర కణాలు) యాంటీబాడీ చేయించమని అడగండి. ఎంసీవీ (ఎర్ర రక్తకణం సగటు సైజు) మామూలుగా ఉందని బీ12 వదిలేయొద్దు. ఐరన్ లోపం కణాన్ని చిన్నది చేస్తుంది, బీ12 లోపం పెద్దది చేస్తుంది, రెండూ కలిస్తే సగటు సరిగ్గానే కనిపిస్తుంది.

సందేహం: మాత్ర ఆపి గ్యాస్ట్రిన్ మళ్లీ చేయించాలా?

జవాబు 2: సొంతంగా ఆపొద్దండి. నిజంగానే కణితి ఉంటే హఠాత్తుగా ఆపినప్పుడు పుండు చిట్లి రక్తస్రావం కావచ్చు. డాక్టరు గారు ఒప్పుకుంటే సాధారణంగా వారం, రెండు వారాలు ఆపి, ఆ మధ్యలో ఫామోటిడిన్ (ఆమ్లం తగ్గించే ఇంకో మాత్ర) ఇచ్చి, దాన్ని కూడా పరీక్షకు ఒకటి రెండు రోజుల ముందు మానిపిస్తారు. రాత్రి భోజనం తర్వాత నీళ్లు తప్ప ఏమీ వద్దు.

శాంపిల్ దగ్గరే తప్పులు జరుగుతాయి. గది వేడిలో గ్యాస్ట్రిన్ విరిగిపోయి అంకె తగ్గుతుంది. ట్యూబు ఐస్‌లో పెట్టి, వెంటనే సీరం వేరుచేసి ఫ్రీజ్ చేయాలి. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లేవాళ్ల దగ్గర ఐస్ బాక్స్ ఉందో లేదో చూడండి.

జవాబు 3: రెండు ల్యాబుల రిపోర్టులు పోలిస్తే యూనిట్లు చూడండి. గ్యాస్ట్రిన్-17 (గ్యాస్ట్రిన్‌లో ఒక రకం) అయితే లీటరుకు 1 పికోమోల్ అంటే మిల్లీలీటరుకు సుమారు 2.1 పికోగ్రాములు. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) కూడా జతచేయండి, కిడ్నీలు దెబ్బతింటే గ్యాస్ట్రిన్, పెప్సినోజన్ రెండూ పెరుగుతాయి.

జవాబు 1: ఈ అంకెలకు హిమోగ్లోబిన్ 9.4 తోడైంది కాబట్టి ఎండోస్కోపీ వాయిదా వేయకండి. పరీక్షకు తీసే జఠరం పై భాగం ముక్కలు ఒక సీసాలో, కింది భాగం ముక్కలు ఇంకో సీసాలో పంపమని ముందే చెప్పండి. కలిపేస్తే ఏది ఎక్కడిదో పాథాలజిస్టు తేల్చడం కష్టం.