కుందేలు–తాబేలు కథ వ్యాపార వృద్ధికి పనికొచ్చే పాఠమేనా?

చర్చకర్త:

చిన్నప్పుడు అందరం విన్న కుందేలు–తాబేలు కథను వ్యాపార పాఠంగా చెప్పడం పరిపాటి అయింది. నిదానంగా, ఆగకుండా నడిచే సంస్థే చివరికి గెలుస్తుందన్నది దాని సారం. అది సరైన పాఠమేనని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలతో రాయాలని కోరుతున్నాను.

టొయోటా ఉత్పత్తి పద్ధతిని తీర్చిదిద్దిన తాయిచీ ఓనో 1978లో వెలువడిన తన పుస్తకంలో ఈ కథనే ప్రస్తావించారు. ఉరికి ఉరికి మధ్యలో కునుకు తీసే కుందేలు కన్నా, నెమ్మదిగానైనా నిలకడగా సాగే తాబేలు వల్లనే వృథా తగ్గుతుందన్నది ఆయన అభిప్రాయం. ఇది నీతివాక్యం కాదు, కర్మాగారపు లెక్క. ఎవరూ అడగని సరుకును వేగంగా తయారుచేసే యంత్రం ఉందనుకోండి. ఆ సరుకును దాచడానికి గిడ్డంగి కావాలి, మోయడానికి మనుషులు కావాలి, పద్దు రాయడానికి మరికొందరు కావాలి, అన్నిటికీ మించి అది అమ్ముడయ్యేదాకా డబ్బు అందులోనే ఇరుక్కుపోతుంది.

దీనికి విరుద్ధంగా నడిచినది వెబ్‌వాన్. ఇంటికే సరుకులు చేర్చడానికి 1996లో అమెరికాలో మొదలైన ఈ సంస్థ, తొలి ప్రాంతంలో లాభం కళ్లజూడకముందే, 1999లో 26 భారీ గిడ్డంగుల నిర్మాణానికి సుమారు 100 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. 2001 జులైలో దివాలా తీసింది.

ఎదురీత:

చర్చకర్త గారూ, నిదానమే ప్రధానమన్న పెద్దలే ఆలస్యం అమృతం విషం అని కూడా అన్నారు. ఆ కథలో గమ్యం కదలదు, పోటీదారులు ఇద్దరే, తాబేలుకు దారిలో తిండి అక్కర్లేదు. వ్యాపారంలో ఈ మూడింటిలో ఒక్కటీ దొరకదు.

బ్లూ ఆరిజిన్‌నే చూడండి. 2000లో స్థాపించిన ఈ అంతరిక్ష సంస్థ తన చిహ్నంలో తాబేళ్లనే పెట్టుకుంది. రెండేళ్ల తర్వాత పుట్టిన స్పేస్‌ఎక్స్ తొందరపడింది, ఫాల్కన్ 1 రాకెట్‌ను మూడుసార్లు వరుసగా పోగొట్టుకుంది, 2008 సెప్టెంబరులో నాలుగోసారి కక్ష్యకు చేరింది. బ్లూ ఆరిజిన్ రాకెట్ తొలిసారి కక్ష్యకు చేరినది 2025 జనవరిలో. అంతరిక్షపు అంచు దాకా వెళ్లిన రాకెట్‌ను నిటారుగా కిందికి దించడంలో 2015 నవంబరులో అదే ముందుందన్న మాట నిజమే. కానీ ఉపగ్రహాలు పంపదలచిన ఖాతాదారు డబ్బు చెల్లించేది కక్ష్యకు చేర్చినందుకు. తొందరలో పోగొట్టుకున్న ఆ మూడు రాకెట్లను నేను నష్టంగా మాత్రమే చూడలేను. ఒక్కో వైఫల్యం నాలుగోదానికి పాఠం చెప్పింది.

ఇంకొక్క విషయం. ఆ తాబేలు అంతకాలం నడవగలిగింది యజమాని చలవ వల్ల. అమెజాన్ షేర్లను ఏటా సుమారు 100 కోట్ల డాలర్ల మేరకు అమ్మి బ్లూ ఆరిజిన్‌ను పోషిస్తున్నానని జెఫ్ బెజోస్ స్వయంగా 2017లో చెప్పారు. అటువంటి యజమాని ఎందరికి ఉంటారు?

చిట్టాపద్దు:

ఎదురీత గారు చివర అడిగిన ప్రశ్నతోనే ఈ చర్చ మొదలు కావలసింది. వేగం మంచిదా కాదా అన్నదాని కన్నా, ఆ వేగానికి డబ్బు ఎవరు పెడుతున్నారన్నది ముఖ్యం. కొన్ని సంస్థల పద్దులు చూసే పనిలో ఉన్నవాడిగా దీన్ని కొంచెం వివరంగా రాస్తాను.

ఒక సంస్థ నెలకు 100 అమ్ముతుంది, అందుకు 80 ఖర్చును ఆ నెలలోనే చెల్లిస్తుంది, అమ్మిన డబ్బు మాత్రం మూడు నెలల తర్వాత చేతికొస్తుంది అనుకుందాం. అంటే ఎప్పుడు చూసినా మూడు నెలల ఖర్చు 240 బయట అరువులో నిలిచి ఉంటుంది. అమ్మకాలు ఒక్కసారిగా 200కు పెరిగితే నిలిచిపోయే మొత్తం 480 అవుతుంది. ఆ అదనపు 240 ఎక్కడినుంచి రావాలి? నెలకు 40కి పెరిగిన లాభాన్ని పైసా తీయకుండా పోగుచేసినా ఆరు నెలలు పడుతుంది, పైగా పెరిగిన లాభం కూడా మూడు నెలలు ఆలస్యంగానే వస్తుంది. పుస్తకంలో లాభం రెట్టింపైనట్టు కనిపిస్తూ ఉండగానే జీతాలకు గల్లాపెట్టెలో డబ్బు ఉండదు. మంచి సరుకు, మంచి గిరాకీ ఉండి కూడా మూతపడే సంస్థల్లో నాకు తరచుగా కనిపించేది ఇదే, దీన్ని చూసిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. ఎందుకంటే, ముందుగా లెక్క వేసుకుంటే తప్పించుకోగలిగిన ఆపద ఇది.

ఇదే లెక్క తిరగబడితే వేగం వరమవుతుంది. 1990లలో డెల్ సంస్థ కంప్యూటర్‌కు ఖాతాదారు దగ్గర డబ్బు ముందే తీసుకుని, విడిభాగాలు ఇచ్చినవారికి తర్వాత చెల్లించేది. అక్కడ అమ్మకాలు పెరిగేకొద్దీ చేతిలో డబ్బు కూడా పెరిగింది.

సొంత మూలధనానికీ అప్పుకూ ఉన్న నిష్పత్తినీ పని తీరునూ మార్చకుండా, కొత్త వాటాలు అమ్మకుండా ఎంత పెరగవచ్చో చెప్పే మోటు కొలత ఒకటుంది. సొంత మూలధనం మీద ఏడాదికి 15 శాతం లాభం వచ్చి, అందులో మూడో వంతు పంచిపెట్టి, మిగిలినది సంస్థలోనే ఉంచితే, ఏడాదికి 10 శాతం వృద్ధిని సంస్థ తన కాళ్ల మీద తాను మోయగలదు. అంతకు మించి పరుగెత్తాలనుకుంటే ఆ డబ్బు ఎవరిదో, ఏ షరతుల మీద వస్తోందో ముందే తేల్చుకోవాలి.

చర్చకర్త:

చిట్టాపద్దు గారి లెక్కను కాదనను, కానీ అది సరిపోదు. 2008లో ప్రపంచంలో అత్యధికంగా వాహనాలు అమ్మిన సంస్థగా ఎదిగిన టొయోటాకు డబ్బు కొరత లేదు. అయినా లోపాలు సరిచేయడానికి లక్షలాది కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. సంస్థ ఎదిగిన వేగం మరీ ఎక్కువైందేమోనని, మనుషులనూ వ్యవస్థనూ తీర్చిదిద్దుకునే వేగాన్ని అది మించిపోయిందని సంస్థ అధ్యక్షుడు అకియో టొయోడా 2010 ఫిబ్రవరిలో అమెరికా కాంగ్రెస్ ముందు చెప్పారు. తాబేలును మెచ్చుకున్న ఓనో పనిచేసిన సంస్థే ఈ మాట చెప్పవలసి రావడం నన్ను ఆలోచింపజేస్తుంది. అప్పు ఒక్క రోజులో పుడుతుంది. కొత్తగా చేరినవాడికి లోపం కనిపించగానే పని ఆపే ధైర్యం అలవడడానికి ఏళ్లు పడుతుంది.

ఎదురీత:

మనుషుల విషయంలో మీతో ఏకీభవిస్తాను. అయితే వేచి ఉండనివ్వని రంగాలు కొన్ని ఉన్నాయి. సందేశాలు పంపుకునే యాప్‌లో చేరే ప్రతి కొత్త మనిషీ మిగతావారికి దాని విలువను పెంచుతాడు కాబట్టి, అక్కడ వెనుకబడినవాడు ఎంత మెరుగైనది తయారుచేసినా ఎవరూ అటు కదలరు. తమది అటువంటి రంగమో కాదో తేల్చుకోకుండా తొందరపడడమే ప్రమాదం. వెబ్‌వాన్ చేసింది అదేనని నా అభిప్రాయం: ఒక నగరంలో దాని గిడ్డంగి ఎంత పెద్దదైనా, పక్క నగరంలో సరుకులు తెప్పించుకునే ఇల్లాలికి దానివల్ల ఒక్క నిమిషం కూడా కలిసి రాదు.